ఎనభై నాలుగు పేజీలు ఎందుకు, ఒక్కటి చాలదా?

ప్రశ్న: మాది గద్వాల. అత్తగారింట్లో మూడు మగ్గాలు నడుస్తాయి. చుట్టుపక్కల నేతవాళ్ళ దగ్గర కూడా చీరలు తీసుకుని అమ్ముతాం. డిగ్రీలో కంప్యూటర్ ఒక సబ్జెక్టుగా చదివాను కనుక వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌తో మా చీరలకు నేనే ఒక సైటు తయారు చేశాను. ఒక్కో చీరకు ఒక్కో పేజీ చొప్పున మొత్తం 84 పేజీలయ్యాయి. ఈ మధ్య మా ఫోను నంబరు మారితే అన్నీ తెరిచి మార్చాను, అయినా రెండింటిలో పాత నంబరే ఉండిపోయింది. అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. అమ్ముడైన చీర పేజీ తీయడం మరిచిపోతే, ఒకావిడ కూతురి పెళ్ళికని ఆ చీరకే డబ్బు పంపారు. వెనక్కి ఇచ్చేశాం కానీ ఆమె చాలా నొచ్చుకున్నారు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రాము భాష నేర్చుకుంటే ఈ ఇబ్బంది తీరుతుందని ఒకరన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా ఆడబిడ్డ కొడుకేమో అది పాతబడిపోయింది, వద్దంటున్నాడు. వివరాలను పట్టికలుగా దాచే డేటాబేసు ఒకసారి ప్రయత్నిస్తే తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వచ్చాయి, భయపడి వదిలేశాను. ఏది నేర్చుకోమంటారు? ఇంటిపని, మగ్గం పని మధ్య నావల్ల అవుతుందా?
— ఒక పాఠకురాలు, గద్వాల

సమాధానం: అమ్మా, ముందు ఆ పెళ్ళి చీర సంగతే మాట్లాడుకుందాం. మీ కష్టమంతా అందులోనే ఉంది. చీర బీరువాలోంచి వెళ్ళిపోయింది, పేజీకి మాత్రం ఆ కబురు అందలేదు. అందించవలసింది మీరే. గుర్తుపెట్టుకుని, ఫైలు వెతికి, దాన్ని తీసేసి, జాబితాలో ఉన్న లింకు కూడా తీసి, మళ్ళీ సర్వరుకు, అంటే సైటును అందరికీ అందించే కంప్యూటర్‌కు, ఎక్కించాలి. పండగ ముందు రోజుకు ఐదు చీరలు వెళ్తున్నప్పుడు ఎంత జాగ్రత్త గల మనిషికైనా ఒకటి తప్పిపోతుంది. కాబట్టి మీ మరుపును తిట్టుకోవడం మానేయండి.

ఇలాంటి పని నేనూ చేశాను. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చి మీ గద్వాల మహబూబ్‌నగర్ జిల్లాలోంచి జోగుళాంబ గద్వాల జిల్లాలోకి మారింది కదా. అప్పుడు నా చేతిలో ఉన్న ఒక చిన్న సైటులో ప్రతి పేజీ అడుగున ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని రాసి ఉంది. ఒక్క మాట మార్చడానికి రెండు రోజులు కూర్చున్నాను. అది రెండో రోజు సాయంత్రమో ఏమో, ఒకే విషయాన్ని ఇన్ని చోట్ల రాసుకోవడమే అసలు జబ్బని గట్టిగా తలకెక్కింది.

ఇప్పుడు మీ 84 పేజీలు ముందే నేసి మడతపెట్టిన చీరల్లాంటివి. అడిగినవాళ్ళకు సర్వరు ఆ మడతను తీసి ఇస్తుంది, అంతే. పీహెచ్‌పీ లాంటి స్క్రిప్టింగ్ భాషతో చేసే పేజీ అలా ముందుగా ఉండదు. ఎవరో ఫోనులో మీ చీర లింకు నొక్కుతారు. ఆ కోరిక సర్వరుకు చేరుతుంది. అడిగింది పీహెచ్‌పీ ఫైలు కనుక సర్వరు దాన్ని ఉన్నదున్నట్టు పంపకుండా పీహెచ్‌పీకి అప్పగిస్తుంది. పీహెచ్‌పీ ఆ ఫైలును పైనుంచి చదువుకుంటూ వస్తుంది. మామూలు హెచ్‌టీఎంఎల్ కనిపిస్తే ముట్టుకోకుండా వదిలేస్తుంది. తన గుర్తు కనిపించిన చోట ఆగి, అక్కడ చెప్పిన పని చేస్తుంది. నొక్కింది 57వ చీర అనుకుంటే, డేటాబేసును అడిగి దాని రంగు, ధర, ఫొటో పేరు తెచ్చి ఆ ఖాళీల్లో కూర్చుతుంది. అలా తయారైన హెచ్‌టీఎంఎల్ మాత్రమే అవతలివాళ్ళ ఫోనుకు వెళ్తుంది. పీహెచ్‌పీ రాత ఒక్క ముక్క కూడా వాళ్ళకు కనబడదు. ఇదంతా జరగడానికి సాధారణంగా సెకనులో చిన్న భాగం చాలు.

జాకార్డు మగ్గం మీకు నేను చెప్పేదేముంది! రంధ్రాలు పొడిచిన అట్టల దండ మగ్గం పైన తిరుగుతుంటే, రంధ్రం ఉన్న చోట ఒక పోగు లేస్తుంది, లేని చోట లేవదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జోసెఫ్ మరీ జాకార్డ్ రూపొందించిన పద్ధతి అది. అట్టలు మారిస్తే అంచు మీది బొమ్మ మారుతుంది, మగ్గాన్ని విప్పి మళ్ళీ బిగించనక్కరలేదు. మీరిప్పుడు చీరకొక మగ్గం బిగిస్తున్నారు. ఒక్క పేజీ ఫైలును మగ్గంలా బిగించి ఉంచండి. చీరల వివరాలు డేటాబేసులో అట్టల్లా ఉంటాయి.

డేటాబేసులో ఆ వివరాలుండే పట్టిక ఎలా ఉండాలో చెబుతాను. చీర సంఖ్య, రంగు, అంచు వివరం, ధర, ఫొటో ఫైలు పేరు, ఎవరు నేశారు, ఎప్పుడు మగ్గం దిగింది, చివరగా స్థితి. ఈ స్థితి అనే గడిలో మూడే మాటలు రావాలి: ఉంది, ఆపి ఉంచాం, అమ్ముడైంది. చీర అమ్మగానే ఆ ఒక్క మాట మారుస్తారు. జాబితా పేజీ ‘ఉంది’ అన్న చీరలనే తెచ్చుకుంటుంది కనుక అమ్ముడైనది దానంతట అదే జారిపోతుంది. పాత లింకు దాచుకుని వచ్చినవాళ్ళకు చీర బొమ్మ కనబడుతుంది కానీ ధర ఉన్న చోట ‘ఈ చీర వెళ్ళిపోయింది, ఇలాంటిది కావాలంటే అడగండి’ అన్న మాట ఉంటుంది. పట్టికలోంచి అమ్ముడైన వరుసను మాత్రం చెరపకండి. చేనేతలో పోయిన చీర ఫొటో చూపించి అలాంటిదే నేయించమని అడిగేవాళ్ళు ఎందరో మీకు తెలుసు.

ఫోను నంబరు, చిరునామా, పైన పేరు, కింద గీత, ఇవన్నీ చీరకు అంచులాంటివి. వాటిని ఒక చిన్న ఫైలులో రాసి, ఇన్‌క్లూడ్ అనే ఆదేశంతో ప్రతి పేజీకి కలుపుకోవాలి. నంబరు మారితే ఒక్క చోట మార్చడమే.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చూడండి, ఎందుకంటే పుస్తకాల్లో దీన్ని చివర్లో ఎక్కడో చెబుతారు, మీకేమో మొదటి రోజునుంచే కావాలి. మర చీరల కొట్లో ఒకే రకం ఇరవై ఉంటాయి. మీ దగ్గర ఒక్కోటి ఒక్కటే. దసరా ముందు ఇద్దరు ఒకే నిమిషంలో 57వ చీరకు ‘నాకు ఉంచండి’ నొక్కారనుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సాధారణంగా రెండు మెట్లుగా రాస్తారు. ముందు ‘చీర ఉందా’ అని డేటాబేసును అడుగుతారు. ఉందంటే, తర్వాత ‘ఆపి ఉంచాం’ అని రాస్తారు. ఆ రెండు మెట్ల మధ్య సందులో రెండో మనిషి కూడా ‘ఉందా’ అని అడిగి ‘ఉంది’ అనే జవాబే వింటుంది. ఇద్దరికీ చీర దక్కినట్టు కనిపిస్తుంది, మళ్ళీ ఒకరికి మీరు డబ్బు వెనక్కి పంపాలి. రెండు మెట్లు వద్దు. ఒకే వాక్యంగా చెప్పండి: 57వ చీర స్థితి ‘ఉంది’ అయితేనే ‘ఆపి ఉంచాం’ అని మార్చు. ఆ వెంటనే ఎన్ని వరుసలు మారాయో అడగండి. 1 అని వస్తే చీర ఆమెదే. 0 అని వస్తే అంతకు ముందే ఎవరో తీసుకున్నారు, ఆ మాట అప్పుడే మర్యాదగా చెప్పేయండి. ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిగా నిలబెట్టే బాధ్యత డేటాబేసు చూసుకుంటుంది. ఆ పెళ్ళివారికి జరిగినట్టు ఇంకెవరికీ జరగకుండా ఉండటానికి నా దృష్టిలో ఈ ఒక్క వాక్యం మిగతా అన్నిటికంటే ముఖ్యం.

అన్ని పేజీలూ ఇలా మార్చాలా అంటే, అక్కరలేదు. ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల శ్రీవారికి గద్వాల సంస్థానం తరఫున సమర్పించే ఏరువాడ జోడు పంచెల గురించి ఒక పేజీ రాసి పెట్టుకోవాలనిపిస్తే, అది మామూలు హెచ్‌టీఎంఎల్‌లోనే బాగుంటుంది. మారనిదాన్ని ప్రతిసారీ కొత్తగా తయారు చేయించడం సర్వరుకు దండగ పని.

ఇక మీ ఆడబిడ్డ కొడుకు మాట. ఆ అబ్బాయి అన్నదాంట్లో కొంత నిజముంది. హైదరాబాద్‌లో అతను పనిచేసే చోట వేరే పనిముట్లు వాడుతుండవచ్చు. ఉద్యోగం కోసమైతే అతని సలహా వినమనే చెబుతాను. మీకు కావలసింది ఉద్యోగం కాదు, చీరల లెక్క తప్పని పేజీ. దానికి పీహెచ్‌పీ చక్కగా సరిపోతుంది. రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన వెబ్ పేజీలో పెట్టుకున్న ఉద్యోగ వివరాలను ఎవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాములు దీనికి మొదలు. 1995లో అందరికీ ఇచ్చాడు. అంతకు ముందు పెర్ల్ లాంటి భాషల్లో ప్రోగ్రాము రాసి, దాని లోపలనుంచి హెచ్‌టీఎంఎల్‌ను ఒక్కో గీతగా అచ్చు వేయించేవారు. పీహెచ్‌పీలో అది తిరగబడింది. ఫైలంతా హెచ్‌టీఎంఎల్ ఉంటుంది, అవసరమైన చోట మాత్రమే ప్రోగ్రాము దూరుతుంది. హెచ్‌టీఎంఎల్ వచ్చిన మనిషికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు. వికీపీడియా నడిచే మీడియావికీ పీహెచ్‌పీలోనే ఉంది. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా దాని మీదే నడుస్తోంది. సైటు ఉంచుకోవడానికి చవకగా అద్దెకు దొరికే హోస్టింగుల్లో చాలావాటిలో ఇది ముందే ఉంటుంది, విడిగా ఏమీ పెట్టించుకోనక్కరలేదు.

పాతబడినవి భాష కంటే పాఠాలు. పదిహేనేళ్ళ కిందటి పాఠాలు ఇంకా చలామణీలో ఉన్నాయి. వాటిలో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసును ‘మైఎస్‌క్యూఎల్ క్వెరీ’ అనే పాత పద్ధతితో అడగడం నేర్పుతారు. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. మీరు చదివే పాఠంలో అది కనిపిస్తే పక్కన పెట్టేయండి. డేటాబేసును అడిగే ఇప్పటి పద్ధతి పేరు పీడీఓ. ఆ మాట, పీహెచ్‌పీ 8 అన్న మాట ఉన్న పాఠం వెతుక్కోండి.

పాత పద్ధతి వల్ల నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట మహబూబ్‌నగర్‌లో ఒక దుకాణానికి సైటు చేశాను. ఒకరోజు పొద్దున్నే యజమాని ఫోను చేసి, కొట్లో ఉన్న వస్తువులన్నిటి ధరా ఒక్క రూపాయిగా కనిపిస్తోందన్నారు. ధర మార్చే పేజీకి నేను తాళం వేయలేదు. పైగా బ్రౌజరు పైన ఉండే చిరునామా గీతలో వచ్చిన వస్తువు సంఖ్యను ఉన్నదున్నట్టు డేటాబేసుకు పంపే వాక్యంలో అతికించాను. ఎవరో ఆ సంఖ్య పక్కన ‘లేదా 1=1’ అని అర్థం వచ్చే ముక్క చేర్చారు. ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే కనుక ఒక్క వస్తువుకు పడవలసిన ధర అన్నిటికీ పడింది. ఆ పూట దుకాణదారుకు నష్టం రాకుండా నిలబడ్డాం కానీ, ఆయన గొంతు నాకింకా గుర్తుంది.

అందుకే ఇది బతిమాలి చెబుతున్నాను. బయటివాళ్ళనుంచి వచ్చిన ఏ ముక్కనూ వాక్యంలో అతికించకండి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అని ఉంటుంది. అందులో వాక్యం ఖాళీలతో ముందే వెళ్తుంది, విలువలు విడిగా వెళ్తాయి. వచ్చినది ఎంత వంకర రాతైనా విలువగానే మిగులుతుంది, ఆజ్ఞగా మారదు. అలాగే కొనేవాళ్ళు ఫారంలో రాసిన పేరు, ఊరు తిరిగి పేజీలో చూపించేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ అనే ఫంక్షన్ గుండా పంపండి. లేకపోతే పేరు రాయవలసిన చోట ఎవరో ప్రోగ్రాము రాసి పెడితే అది చూసేవాళ్ళ ఫోనులో నడుస్తుంది. చీర ధరను ఫారంలోంచి తీసుకోకండి, ఎప్పుడూ పట్టికనే అడగండి. ఫారంలో దాచిన ధరను మార్చి పంపడం తెలిసినవాళ్ళకు నిమిషం పని. చీరలు ఎక్కించే పేజీకి పాస్‌వర్డు తప్పనిసరి. దాన్ని భద్రపరచడానికి పాస్‌వర్డ్‌హ్యాష్ అనే ఫంక్షన్ పీహెచ్‌పీలోనే ఉంది.

ప్రశ్నార్థకాల సంగతికి వద్దాం. ‘గద్వాల’ అన్న మాట మన కంటికి మూడక్షరాలు: గ, ద్వా, ల. కంప్యూటర్ లోపల అవి ఆరు గుర్తులు: గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, అంటే మూడు గళ్ళ చోటు, తీసుకుంటుంది కనుక మొత్తం 18 బైట్లు. పీహెచ్‌పీలో స్ట్రింగు పొడవు చెప్పే మామూలు ఫంక్షన్‌ను అడిగితే 18 అంటుంది. ముందు ‘ఎంబీ’ చేర్చిన ఫంక్షన్‌ను అడిగితే 6 అంటుంది. వివరం పొడుగైందని మామూలు ఫంక్షన్‌తో కత్తిరిస్తే గుర్తు మధ్యలో తెగి చివర చెత్త గుర్తు కనబడుతుంది. ‘ఎంబీ’ ఫంక్షన్‌తో మొదటి రెండు గుర్తులు అడిగినా ‘గద’ అని వస్తుంది, ఊరి పేరు కాస్తా ఆయుధమైపోతుంది! తెలుగు వివరాన్ని కుదించాలంటే మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉన్న చోటే కోయండి.

మీకు ప్రశ్నార్థకాలు వచ్చింది చాలావరకు కనెక్షన్ దగ్గర. పట్టిక తెలుగుకు సిద్ధంగా ఉన్నా, పీహెచ్‌పీకీ డేటాబేసుకూ మధ్య దారి లాటిన్ అక్షరాలకే తెరిచి ఉంటే, తెలుగు అక్షరం ఆ దారిలో పట్టక ప్రశ్నార్థకంగా మారి లోపలికి వెళ్తుంది. అలా లోపలికి వెళ్ళినది మళ్ళీ తెలుగు కాదు, తిరిగి రాయవలసిందే. ప్రశ్నార్థకాలు కాకుండా వింత లాటిన్ అక్షరాల బారు కనిపిస్తే మాత్రం సరుకు లోపల క్షేమంగా ఉండే అవకాశం ఉంది, తొందరపడి చెరపకండి. పట్టిక చేసేటప్పుడు, పీడీఓ కనెక్షన్ వాక్యంలో, రెండు చోట్లా యూటీఎఫ్8ఎంబీ4 అని రాయండి. పేజీ తలభాగంలో యూటీఎఫ్-8 అని ఉండాలి. మైఎస్‌క్యూఎల్‌లో ‘ఎంబీ4’ లేని పాత పేరు తెలుగుకు సరిపోతుంది కానీ, ఎవరైనా సందేశంలో నవ్వు బొమ్మ పెడితే అక్కడ ఆగిపోతుంది.

కాలం విషయం కూడా చూసుకోండి. సర్వరు గడియారం చాలాసార్లు మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. ‘ఈ రోజు మగ్గం దిగిన చీరలు’ అని శీర్షిక పెట్టి తెల్లవారుజామున ఐదింటికి చీర ఎక్కిస్తే అది నిన్నటి తేదీలో పడుతుంది. కాల మండలాన్ని ఆసియా/కోల్‌కతా అని మొదట్లోనే చెప్పేస్తే చాలు.

మీవల్ల అవుతుందా అని అడిగారు. 84 పేజీలను చేత్తో నిలబెట్టిన మనిషికి ఓపిక ఉందా అని నేను అడగనక్కరలేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళను బట్టి చెబుతున్నాను, హెచ్‌టీఎంఎల్ వచ్చి ఉంటే రోజుకు గంట చొప్పున రెండు నెలలు కూర్చుంటే ఈ సైటు మీ చేతికి వస్తుంది. అంత తీరిక లేకపోతే, సైట్లు తయారు చేసుకునే వర్డ్‌ప్రెస్‌తో సిద్ధంగా దొరికే అంగడి పెట్టుకున్నా తప్పు లేదు, అదీ పీహెచ్‌పీయే. కానీ ఉత్తరం చదివితే మీకు చేసి చూడాలని ఉన్నట్టే నాకనిపించింది.

మొదటి సాయంత్రం ఇంట్లో కంప్యూటర్‌లో జాంప్ (XAMPP) అనే ప్రోగ్రాము పెట్టుకోండి. అందులో సర్వరు, పీహెచ్‌పీ, డేటాబేసు కలిసే వస్తాయి. మీ ఫైలును అది చెప్పిన ఫోల్డరులో ఉంచి, బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టి తెరవండి. ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే సర్వరు మధ్యలోకి రాదు, రాసిన ప్రోగ్రాము పనిచేయదు. ఇదే చూసి చాలామంది మొదటి రోజే నిరాశపడి మానేస్తారు. పాత 84 ఫైళ్ళను అప్పుడే తీసేయకండి. వాటి లింకులు ఎందరి వాట్సాప్‌లోనో ఉన్నాయి. కొత్త పేజీ సిద్ధమయ్యాక ఆ పాత చిరునామాలన్నీ కొత్తదానికి మళ్ళించవచ్చు.

ముందు పట్టికలో రెండే చీరలు చేత్తో రాయండి, 57, 58. ఒకే పీహెచ్‌పీ ఫైలు రాసి, చిరునామా గీతలో 57 అని ఉంచి తెరవండి. తర్వాత 58 అని మార్చి చూడండి. రెండో చీర కనిపించాక పట్టికలో 58వ చీర స్థితిని ‘అమ్ముడైంది’ అని మార్చి, ఫైలు జోలికి పోకుండా పేజీని మళ్ళీ తెరవండి. ధర ఉండవలసిన చోట ‘ఈ చీర వెళ్ళిపోయింది’ అని రావాలి. రాకపోతే తెర మీద కనబడిన తప్పు సందేశాన్ని ఒక్క అక్షరం వదలకుండా రాసి నాకు పంపండి.